బాకు – కటారి – జంబియా

పెండ్లికుమారుని చేతికి ఒక చిన్న కత్తినిచ్చి, దాని మొనకు నిమ్మకాయను గ్రుచ్చుట తెలంగాణమున పెక్కు కుటుంబములలో నున్న ఆచారము. పందిరిలో సన్నాయి మ్రోగుచుండగా, నుదుట బాసికముతో, చేత ఆ కత్తితో కూర్చున్న వరుని చూచి పిల్లలు నవ్వుకొందురు. పెద్దలు మాత్రము దానిని చేజార విడువకుమని మాటిమాటికి హెచ్చరింతురు. ఆ వస్తువు పేరేమని పందిరిలో నలుగురిని అడిగినచో ఒకరు కటారి యందురు. ఒకరు బాకు అందురు. వృద్ధులలో నొకరు జంబియా యనవచ్చును. ‘ఏదో చిన్న కత్తి’ యని తేల్చివేయువారే ఎక్కువ. కాని ఇవి ఒకే వస్తువునకు ఊరక ఏర్పడిన మారుపేర్లు కావు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క జాతి జనుల మొలలో నుండి తెలుగులోనికి వచ్చినది. వస్తువు మొలను విడిచిపోయిన తరువాతను పేరు మాత్రము నాలుకపై నిలిచినది.

మొదట ఆయుధభేదమును గ్రహింపవలెను. తెలుగు క్రియలే దానిని చక్కగా తెలుపుచున్నవి. కూరగాయలను కోయుదురు, కొమ్మను నరుకుదురు, సూదితో గ్రుచ్చుదురు, బాకుతో పొడుచుదురు. ఖడ్గము ప్రధానముగా నరుకుటకు. బాకు ప్రధానముగా పొడుచుటకు. ఖడ్గము పట్టినవాడు బారెడు దూరమున నిలువవలెను. బాకు పట్టినవాడు చేయి చాచినంత దగ్గరకు, కౌగిలింతకు చాలినంత దగ్గరకు రావలెను. ఆ దగ్గరితనము వలననే ఈ చిన్న ఆయుధమునకు చరిత్రలో పెద్ద స్థానము లభించినది. రాజు నెదుటికి ఖడ్గముతో పోనీయని కావలివారు, మొలలో అలంకారముగా దోపుకొన్న బాకును చూచియు చూడనట్లూరకుందురు. వెన్నుపోటు అను మాటలో ఏ ఆయుధపు పేరును లేదు. అయినను ఆ మాట విన్నవాని మనస్సున ఈటెగాని గండ్రగొడ్డలిగాని మెదలదు, బాకే మెదలును.

పేర్లలో మిక్కిలి ప్రాచీనమైనవి సంస్కృతము నుండి వచ్చినవి. అమరకోశము ఈ ఆయుధమునకు శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అను నాలుగు పేర్లు చెప్పుచున్నది. అసి యనగా ఖడ్గము. అసిపుత్రి యనగా ఖడ్గపు కూతురు. నాలుగును స్త్రీలింగములే. వీనిలో ఛురిక యను మాటకు ముచ్చటైన బంధుత్వమొకటి కలదు. అది క్షుర శబ్దము నుండి ప్రాకృతపు ఉచ్చారణలో మారి వచ్చిన రూపము. క్షురమనగా మంగలి కత్తి. క్షురకుడు, క్షౌరము అను మాటలు దాని నుండియే పుట్టినవి. వీరుని నడుమున వ్రేలాడిన ఛురికయు, చెట్టు నీడన కూర్చుండి గడ్డము గీయువాని పొదిలోని కత్తియు ఒక్క తల్లి బిడ్డలన్నమాట. హిందీ, ఉర్దూలలోని ఛురీ యను మాటయు ఆ కుటుంబములోనిదే. తెలుగువారు ఛురికను సురియగా మెత్తబరచుకొనిరి. ఆ మాట నేడు వాడుకలో లేదు. ప్రాచీన కావ్యమున ‘సురియ’ యను పదము తగిలినపుడు దానిని సూర్యునికో, సురలకో ముడిపెట్టి తికమకపడుట కొత్త పాఠకులకు సహజము.

కటారి కథ వేరు. దీనిని సామాన్యపు బాకుగా తలచుట పొరపాటు. తక్కిన బాకులకు పిడి అలుగునకు సూటిగా కొనసాగింపుగా నుండును. కటారికి అట్లు కాదు. రెండు సమాంతరపు కమ్ముల నడుమ నిచ్చెన మెట్టువలె అడ్డుగా పిడి యుండును. దానిని పిడికిట బిగించినచో అలుగు వ్రేళ్ళ కణుపుల మీదుగా ముందునకు చొచ్చుకొనివచ్చును. అపుడు పోటునకు మణికట్టు బలము గాక మోచేతి బలము, భుజబలము తోడగును. 14వ శతాబ్దిలో ఈ దేశమునకు వచ్చిన మొరాకో బాటసారి ఇబన్ బతూతా దీనిని చూచి ఆశ్చర్యపడి, పేరుతో సహా వర్ణించినాడు. అది నాగటి కర్రువలె నున్నదనియు, చేయి దానిలో దూరగా ముంజేయి కాపాడబడుననియు, దాని దెబ్బ తగిలినవాడు బ్రతుకడనియు ఆయన వ్రాసినాడు. ఎడారుల మీదుగా వచ్చిన ఆ పరదేశికి సైతము కటారిని చూడగానే నాగటి కర్రు గుర్తునకు వచ్చుట రైతులకు వినసొంపుగా నుండును. పోలిక సరియైనదే. కర్రు నేలలోనికి దిగునట్లే కటారి కవచపు గొలుసుల సందున దిగును.

ఈ కటారి తెలుగునాట ఒక రాజవంశపు బిరుదమునకెక్కినది. సాళువ వంశీయులకు శాసనములలో, కావ్యములలో ‘కఠారి సాళువ’ యను బిరుదము కనిపించును. సాళువము అనగా వేటకు ఉపయోగించు డేగ. కఠారి యనగా కటారియే. డేగ గోళ్ళ వాడిమియు కటారి మొన వాడిమియు ఒక్క బిరుదమున చేరినవి. ఈ వంశమువాడైన సాళువ మంగిరాజు 1370 ప్రాంతమున విజయనగర రాజకుమారుడు కంపరాయలు మధుర సుల్తానులపై నడపిన దండయాత్రలో పాల్గొనెను. ఆ వంశమువాడే యైన సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసన మధిష్ఠించెను. ఆయనకు జైమిని భారతమును అంకితమిచ్చిన కవి పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱి పేరే ఈ కవి యింటిపేరు. ఆ యూరివారు ఆయనను తమవానిగా చెప్పుకొందురు. కాకతీయుల సామంతులైన రేచెర్ల వారి కాలపు గుడులును, 1195, 1208 సంవత్సరముల శాసనములును ఆ యూర నేటికిని ఉన్నవి. కటారిని బిరుదముగా ధరించిన రాజునకు కావ్యమంకితమిచ్చిన కవి పేరు ఇంత చేరువ నుండుట ఈ ప్రాంతపు చదువరులలో ఎందరికి తెలియును? ‘కఠారి’ యను పదమును ఊరి పేరుగానో, ఇంటిపేరుగానో భావించి దాటిపోవుట సులభము. నిజమునకు కటారి యను ఇంటిపేరు గలవారు తెలుగునాట నేటికిని ఉన్నారు కూడ.

బిరుదమునకెక్కిన ఆయుధమే ద్రోహమునకును పనికివచ్చినది. సాళువ నరసింహుడు సింహాసనమెక్కుటకు నలువది యేండ్లు ముందు, అదే విజయనగరమున జరిగిన ఒక ఘటనను పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ వ్రాసిపెట్టినాడు. అపుడు రాజు రెండవ దేవరాయలు. రజాక్ కల్లికోటలో నుండగా, 1442 చివరనో 1443 ఆరంభముననో, ఆ దారుణము జరిగినది. ఆయన కొంతకాలమునకే రాజధానిని చేరి దానిని గూర్చి విని వ్రాసెను. రాజు తమ్ముడొకడు క్రొత్త యిల్లు కట్టించి, గృహప్రవేశమున కని రాజును, మంత్రి సామంతులను ఆహ్వానించెను. భేరులు, బాకాలు చెవులు చిల్లులు పడునట్లు మ్రోగించిరి. అతిథులను ఒక్కొక్కరిని గౌరవముగా లోపలి గదిలోనికి గొనిపోయి, అచ్చట దాగియున్న ఘాతుకులచేత చంపించిరి. వాద్యముల రొదలో లోనివారి కేక వెలుపలివారికి వినరాలేదు. పిలిచిన వారందరును ముగిసిన పిదప తమ్ముడు రాజు కడకు పోయి విందునకు దయచేయుడని వేడెను. ఒంటిలో బాగులేదని రాజు రానన్నాడు. అంతట తమ్ముడు బాకు దూసి అన్నను పలుమార్లు పొడిచెను. రాజు సింహాసనము వెనుక కూలెను. చచ్చినాడనుకొని, తల నరుకుటకు తన అనుచరు నొకనిని అచ్చట విడిచి, తాను ముఖమంటపమునకు పోయి ఇక రాజును నేనేయని చాటుకొనెను. కాని దేవరాయలు చావలేదు. తెలివి తెచ్చుకొని, తలనరుక వచ్చినవానిని తానే కూల్చి, ప్రాణములతో వెలుపలికి వచ్చి జనులకు కనిపించెను. జనులు ఆ ద్రోహిని అచ్చటనే వధించిరి.

ఈ కథ నోళ్ళబడి ఎట్లు మారినదో చూచుట చరిత్ర చదువువారికి లాభకరము. సుమారు తొంబది యేండ్ల తరువాత పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగర చరిత్రను వ్రాయుచు దీనినే మరియొక విధముగా చెప్పెను. ఆయన వ్రాతలో పొడిచినవాడు మేనల్లుడు. బాకునకు విషము పూయబడినది. రాజు ఆ విషము వలన ఆరు నెలలకు మరణించెను. కాని రెండవ దేవరాయలు 1446 వరకు జీవించి పాలించెను. నూనిజ్ వ్రాతకంటె సమకాలికుడైన రజాక్ మాటయే నమ్మదగినది. జనుల నోట బాకునకు విషము తరువాత పూయబడినది కాబోలును! తోబుట్టువు చేతి పోటు తిని రాజు బ్రతికినాడనుటకంటె, విషముచేత చనిపోయినాడనుట కథకు ఎక్కువ పట్టు నిచ్చును.

ఇట్టి కథ దేశదేశములందును కలదు. క్రీస్తునకు పూర్వము 44వ యేట రోము నగరపు సభలో జూలియస్ సీజరును పొడిచినవారిలో ఆయన నమ్మిన మిత్రుడు బ్రూటసు ఉన్నాడు. షేక్‌స్పియరు ఆ వృత్తాంతమును నాటకముగా వ్రాయగా, వావిలాల వాసుదేవశాస్త్రి 1876లో దానిని ‘సీజరు చరిత్రము’ పేర తెలిగించెను. షేక్‌స్పియరు నాటకములలో తెలుగునకు మొదట వచ్చిన దిదియే. చిత్రమేమనగా, లోకము ద్రోహముగా నెంచిన పనిని బ్రూటసు స్వాతంత్ర్యముగా నెంచెను. రెండేండ్ల తరువాత అతడు వేయించిన నాణెముపై రెండు బాకులును, వాని నడుమ దాస్యవిముక్తుడు ధరించు టోపియు ముద్రింపబడినవి. సీజరును చంపిన నెల, దినము ఆ నాణెముపై చెక్కబడి యున్నవి. ఆ నాణెము పట్టుకొన్నవానికి బాకు ద్రోహచిహ్నమా, విముక్తిచిహ్నమా యనునది అతడే పక్షమువాడో దానిపై ఆధారపడియుండెను.

తెలుగునేలకు మరలుదము. బాకు అను మాట తెలుగునందే కాక కన్నడమునను కలదు. మరాఠీ, హిందీలలో బాంకు అను రూపమున నున్నది. హిందీలో ఆ మాటకు వంకర యను అర్థము. వంకరయైన అలుగు గల కత్తికి మొదట ఈ పేరు ఏర్పడి, తెలుగున వంకర వదలి, అన్ని పొడుపు కత్తులకును చెల్లుబాటైనదని తలపవచ్చును. అబుల్ ఫజల్ వ్రాసిన అయీనే అక్బరీ యందలి ఆయుధముల పట్టికలో కటారా, ఖంజరు, జమ్‌ధర్ లతో పాటు బాంకు పేరును కనిపించుచున్నది. ఖంజరు తెలుగున కైజారు అయ్యెను. పరభాషా పదమును తెలుగువారు నోట నానబెట్టి కై యను తమ చేతిమాటను దానికి ముందు తగిలించిరి కాబోలు! కైదువు అనగా ఆయుధమని పూర్వమే యున్నది గదా. జమ్‌ధర్ తెలుగున జముదాడి. జముడనగా యముడు, దాడి యనగా ఇక్కడ దండెత్తుట కాదు, దంష్ట్ర, అనగా కోర. యముని కోరయని అర్థము. ఇక చురకత్తి, పిడిబాకు అనునవి తెలుగువారు కూర్చి చేసికొన్న పేర్లు. బాకును బాకాను తారుమారు చేయు విద్యార్థులు నేటికిని కలరు. దేవరాయల తమ్ముని యింట రెండును కూడినవి గనుక ఆ కథ విన్నవారు ఇకమీదట మరువరు.

జంబియా యను మాట హైదరాబాదు రాజ్యపు కానుక. అరబ్బీ భాషలో జంబ్ అనగా ప్రక్క. ప్రక్కను ధరించునది జంబియా. యెమెను, హద్రమౌత్ ప్రాంతముల నుండి అరబ్బులు నిజాము సైన్యములలో చేరుటకు వచ్చి హైదరాబాదున స్థిరపడిరి. సైనికుల బారకాసులున్న చోటు నేటికిని బార్కాసు అని పిలువబడుచున్నది. వెడల్పైన పట్టీలో, పొట్టకు ముందు, కొక్కెమువలె వంగిన ఒరలో నుండు ఆ కత్తి వారికి పుట్టినగడ్డ గుర్తు. పురుషుడైనవాడు అది లేక గడప దాటుట నామోషీ. తెలంగాణపు రైతునకు మాత్రము అది వేరొక గుర్తు. 19వ శతాబ్దిలో అరబ్బులు, రోహిలాలు కొలువుతో పాటు వడ్డీ వ్యాపారమును చేసిరి. జాగీర్దార్లకు వేలకు వేలు అప్పులిచ్చి జాగీర్లనే తాకట్టు పట్టిరి. బాకీదారులను తమ యిండ్లలోనే బంధించి ఉంచినవారును కలరు. 1853లో దివానైన సాలార్జంగు చేసిన సంస్కరణలలో వీరి ఆగడములను కోర్టుల అదుపునకు తెచ్చుట ఒకటి. నగరమున అదుపు కుదిరినను, పల్లెలలో వడ్డీ వసూలునకు వచ్చిన రోహిలా వాకిట నిలిచినపుడు ఇంటివారి చూపు అతని ముఖము మీదగాక నడుము మీద నిలుచుట చాలకాలము మానలేదు. జంబియాను ఒర నుండి తీయవలసిన పనియే లేకపోయెను. అది అచ్చట నున్నదని తెలియుట చాలును. బాకు చేసిన హత్యలను చరిత్రకారులు వ్రాసిరి. ఒరలోనే యుండి అది వసూలు చేసిన వడ్డీ ఏ పుస్తకమునను లేదు.

ఆయుధపు పేరు పరదేశమునుండి వచ్చినను ఆయుధమునకు కావలసిన ఉక్కు మాత్రము ఈ గడ్డనుండియే పరదేశమునకు పోయెను. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున, నిర్మల్ ప్రాంతమున మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు స్వయముగా వచ్చి కూర్చుండెడివారు. 1820 తరువాతి దశకమున వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు ఆ పనిని చూచి వివరముగా వ్రాసియుంచెను. పడమటి దేశములలో ‘డమాస్కసు’ కత్తులని పేరుపొందిన వాని అలుగులపై కనిపించు నీటి అలలవంటి చారలకు మూలము దక్షిణ దేశపు ఈ ఉక్కే. ఆంగ్లేయులు దీనిని ‘ఊట్స్’ అని వ్రాసిరి. అది ఉక్కు అను మన మాటకు వచ్చిన వికృతియని పండితులు పలువురు చెప్పుదురు. కొలిమిలో చెమటోడ్చినవారి పేర్లు నిలువలేదు, వారి మాట మాత్రము వంకరగానైనను నిలిచినది.

హైదరాబాదున 1951లో ప్రారంభమైన సాలార్జంగు మ్యూజియమునకు పోయినవారు అచ్చటి ఆయుధశాలను తప్పక చూడవలెను. అందులో జహంగీరు చక్రవర్తి బాకును, నూర్జహాను పండ్లు కోసికొన్న కత్తియు ఉన్నవి. భర్తది పొడుచుటకు, భార్యది కోయుటకు. రెండింటిని చూచినవారికి ఒక ప్రశ్న తోచకపోదు: ఇందులో బాకు ఏది, వంటింటి కత్తి ఏది యని ఎట్లు నిర్ణయింతుము? వాడి రెండింటికిని కలదు.

నేటి చట్టము ఈ ప్రశ్నకే జవాబు చెప్పవలసి వచ్చినది. 1959లో వచ్చిన ఆయుధముల చట్టమును అనుసరించి చేసిన నిబంధనలలో ఖడ్గములు, బాకులు, ఈటెలు, తుపాకి కొనకు తగిలించు బాయినెట్లు ఒక తరగతిగా చేర్చబడినవి. అలుగు 9 అంగుళములకు మించి పొడవుగాని, 2 అంగుళములకు మించి వెడల్పుగాని యున్న కత్తులను కూడ ఆ తరగతిలోనే చేర్చిరి. అయితే ఇంటి పనికి, సేద్యమునకు, శాస్త్రపరిశోధనకు, పరిశ్రమకు చేయబడిన వానిని దానినుండి మినహాయించిరి. అందుచేత గీత కార్మికుడు మోకుతో పాటు నడుమున కట్టుకొని తాడిచెట్టెక్కు కత్తి, వాడికి ఏ బాకునకును తీసిపోనిదైనను, పనిముట్టే. ఇనుము ఒక్కటే, ఏ పనికై కొలిమిలో సాగినదన్నదానిని బట్టి పేరును, చట్టమును మారుచున్నవి. సిక్కులు కిర్పాన్ ధరించుట వారి మతాచారములో భాగమని రాజ్యాంగపు 25వ అధికరణమే స్పష్టముగా అంగీకరించినది.

గృహస్థుల ఆచారములలో ఈ ఆయుధమునకు మరియొక వృత్తి కలదు, రక్షకవృత్తి. బాలింత తలగడ క్రింద ఇనుప కత్తి నుంచుట, గాలి సోకునను భయముతో చంటిబిడ్డ ప్రక్కన చాకు పెట్టుట మన యిండ్లలో వాడుకయే. ఇనుమునకు భూతములు వెరచునను నమ్మకము ప్రపంచమున చాలచోట్ల నున్నది. కృష్ణకు ఆవలి యొడ్డున పలనాటి కారెంపూడిలో వీరుల ఆయుధములు ఏటేట కార్తికమాసపు ఉత్సవమున పూజలందుకొనుచున్నవి. ఎనిమిది శతాబ్దుల క్రిందట అన్నదమ్ములను విడదీసిన ఆయుధములు నేడు జనులను ఒక్కచోటికి చేర్చుచున్నవి.

కాని నిమ్మకాయ గ్రుచ్చిన కత్తి అన్నిచోట్ల రక్షకమే కాలేదు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథములో బళ్ళారి ప్రాంతపు బసివి ఆచారము వర్ణింపబడినది. బాలికను దేవునకు సమర్పించు నాడు ఆమె ప్రక్కన మొనకు నిమ్మకాయ గ్రుచ్చిన కత్తిని నిలిపి, ఆమె కుడిచేత దానిని పట్టింతురు. ఆ కత్తియే వరుడు! ఇతర పెండ్లిలో వరుని చేతనున్న వస్తువు ఈ పెండ్లిలో వరుని స్థానమునే ఆక్రమించినది. ఆ బాలికకు ఆ మీదట భర్త యుండడు, ఇల్లుండదు. ఆచారము పేర జరిగిన ఈ అన్యాయమును మాన్పుటకు మదరాసు రాష్ట్రమున 1947లోను, జోగినీ వ్యవస్థ పాతుకొన్న తెలంగాణ జిల్లాలకు కూడ వర్తించునట్లు ఆంధ్రప్రదేశమున 1988లోను చట్టములు చేయవలసి వచ్చెను. దేవరాయల మేని గాయములు మానినవి. కత్తికి కట్టబెట్టిన బాలికలకు చట్టము వచ్చువరకు గాయము మానలేదు, వచ్చిన తరువాతను అందరికి మానలేదు. బాకు చేసిన కీడును లెక్కించునపుడు రాజుల హత్యలనే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు.

గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఇన్ని బాకుల ప్రసక్తి యేల యని కొందరికి తోచవచ్చును. నిజమునకు బాకు పుస్తకములలోనికి ఏనాడో ప్రవేశించినది. నూటయెనిమిది ఉపనిషత్తులలో క్షురికోపనిషత్తు ఒకటి. అందు చెప్పబడిన క్షురిక ఇనుపది కాదు. ధారణ యను యోగసాధనయే క్షురిక, అది బంధములను కోయును. మన చిత్రకవులు పద్యపు అక్షరములను పద్మముగా, చక్రముగా, నాగముగా కూర్చినట్లే ఛురికగాను కూర్చిరి. దానికి ఛురికాబంధమని పేరు. అలుగు వెంబడి కొన్ని అక్షరములు, పిడి వెంబడి కొన్ని అక్షరములు నడచును. రెండు గీతలు కలియుచోట ఒకే అక్షరము రెండు పాదములకు పనిచేయును. అర్థమునకంటె అమరికకు ప్రాధాన్యమిచ్చు ఈ విద్యను మెచ్చనివారు కలరు. కాని దానిని చేయుటకు కావలసిన ఓపికను వారును కాదనలేరు.

మరియొక బాకు అచ్చుపుటలలో పాఠకుల కన్నుల యెదుటనే యున్నది. పుటలో ఒక మాటకు అధోజ్ఞాపిక వ్రాయవలసినపుడు ముద్రాపకులు దాని ప్రక్కన నక్షత్రపు గుర్తు నుంతురు. అదే పుటలో రెండవ జ్ఞాపిక వచ్చినచో నిలువుగీతకు పైభాగమున అడ్డగీత గల, శిలువను పోలిన, మరియొక గుర్తు నుంతురు. అచ్చుకూటములలో దాని పేరు డాగరు, అనగా బాకే. మూడవ జ్ఞాపికకు జోడు డాగరు. ఐరోపా గ్రంథములలో మనుష్యుని పేరు ప్రక్క ఈ గుర్తున్నచో ఆయన గతించినాడని అర్థము. పేరును రూపమును హత్యాయుధమువే యైనను, ఈ గుర్తు పుట్టినది యుద్ధభూమిలో కాదు; ఒక గ్రంథాలయములో.

క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో ఐగుప్తు దేశపు అలెగ్జాండ్రియా నగరమున గొప్ప గ్రంథాలయ ముండెను. దాని తొలి అధికారులలో నొకడైన జెనొడొటసు, హోమరు మహాకవి కావ్యములకు దొరికిన నానా ప్రతులను సరిపోల్చుచు, ఇది కవి వ్రాసినది కాదేమో యని సందేహము కలిగిన పంక్తుల ప్రక్కన ఒక చిన్న అడ్డగీత గీయసాగెను. గ్రీకులు దానిని ఒబెలోసు, అనగా మాంసము గ్రుచ్చి కాల్చు ఇనుప చువ్వ, అనిరి. ఆయన తరువాత అదే గ్రంథాలయమున పనిచేసిన అరిస్టార్కసు ఆ గుర్తును మరింత జాగ్రత్తగా వాడెను. కాలక్రమమున ఆ గీత రూపుమారి, నిలువై, పిడి తొడిగికొని, డాగరైనది. అనుమానము కలిగిన పంక్తిపై ఆ గ్రంథాలయాధికారి ఆ చువ్వను దింపెను గాని, గుర్తు పెట్టిన పంక్తిని ప్రతినుండి తీసివేయలేదు. తరువాతివారు చదివి తామే తేల్చుకొనుటకై దానిని అట్లే ఉంచెను.